కామాక్షమ్మ కొంగున బోల్టు

కామాక్షమ్మ చేతిలో ఏ స్పానరు పెట్టినా కళ్ళు మూసుకుని దాని నంబరు చెప్పేసేదంట. చూపుడువేలు దాని నోట్లో పెట్టి ఒక్కసారి అట్టా తిప్పి చూసుకునేది, "ఇది పన్నెండు పదమూడు, ఇది పద్నాలుగు పదిహేను, ఇది పదహారు... ఉండుండు, కాదు, పద్దెనిమిది" అనేదంట. ఒక్కో స్పానరుకి రెండు కొసల్లో రెండు నంబర్లుంటయ్యి గదా, ఒక్కటీ తప్పేది కాదు. అట్టని ఆమేమన్నా మెకానిక్కు పని చేసిందా అంటే, లేదు. బండి కింద ఏనాడూ దూరి ఎరగదు. ఆమె మొగుడు పేరాచారి మెకానిక్కు. మా వైపు పలకల గనులుండేవని చెప్పాను గదా. నల్లరాయి పలక, బలపంతో రాసేవాళ్ళం దాని మీద, మీరు చూసి కూడా ఉండరు. ఆ పలకలేసుకుని లారీలు పోయే రోడ్డు మీద మడుగుపాలెం అడ్డరోడ్డని ఒక చోటుండేది. అక్కడ పేరాచారి షెడ్డు. వాళ్ళ నాయిన కమ్మరి, ఎడ్లబండి చక్రాలకి ఇనప పట్టాలు ఎక్కించేవాడు. బండ్లు పోయి లారీలొచ్చినయ్యి, కొలిమి పోయి షెడ్డొచ్చింది, అంతే తేడా అనుకో. దసరా ముందురోజు కామాక్షమ్మ షెడ్డులో సామానంతా బయటేసుకుని, కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, పట్టా మీద వరసగా పేర్చి, ఒక్కోదానికి పసుపూ కుంకుమా పెట్టేదంట. ఏటేటా తుడిచీ తుడిచీ ఆమె వేళ్ళకి నంబర్లు వచ్చేసినయ్యి, మీకు ఎక్కాలు వచ్చినట్టు. వచ్చా మీకు ఎక్కాలు? సరే, ఆ సంగతి తర్వాత చూస్తాను.

ఇప్పుడు పేరాచారి సామాను ఎట్టా కొనేవాడో చెప్తాను, జాగర్తగా వినండి, ముఖ్యంగా నువ్వు, నిన్న ఫోనులో ఏదో తళతళలాడే స్పానర్ల పెట్టె చూపించావే, నువ్వు విను. పేరాచారి ఇనప సామాన్ల కొట్టుకి పోయేటప్పుడు జేబులో ఒక కొత్త నట్టు వేసుకుని పోయేవాడంట. స్పానరు తీసుకుని దానికి తొడిగి, అటూ ఇటూ ఊపి చూసేవాడు. గలగలా ఊగిందా, పక్కన పెట్టేసేవాడు. ఎందుకని? వదులుగా ఉన్న స్పానరు నట్టు మూలల్ని కొరికేస్తది. మూలలు పోయిన నట్టుని ఇంక దేవుడొచ్చినా తిప్పలేడు. తర్వాత స్పానరుని దారానికి వేలాడగట్టి ఇంకో ఇనుప ముక్కతో కొట్టేవాడు. ఖంగుమని మోగాలి. డబ్బా చప్పుడు చేసిందా, లోపల ఎక్కడో సన్న పగులున్నట్టే. ఇంక మెరుపు చూసి కొనేవాడే కాదు. "పైన పూత పెచ్చు లేస్తే అరచేతిలో గుచ్చుకుంటది, నాకు అద్దం కావాలంటే అద్దమే కొనుక్కుంటా గదా" అనేవాడంట. కొట్టాయన నవ్వి, "ఆచారీ, నీకు స్పానరు అమ్మేకంటే నీ ఇంటికి పిల్లనివ్వడం తేలిక" అంటే, "పిల్లయితే ఇంటికొచ్చినాక సర్దుకుంటది, స్పానరు సర్దుకోదు స్వామీ" అనేవాడంట పేరాచారి. పెట్టెడు సామాను ఒక్కసారిగా కొనేవాడు కాదు. రోజూ చేతిలోకి ఏది వస్తదో అది ముందు మంచిది కొనేవాడు, ఎప్పుడో ఒకసారి పనికొచ్చేది తర్వాత. అట్టా ఒక్కోటీ ఒక్కోటీ కూర్చి రెండు వరసలు చేశాడు. ఒక వరస రింగు స్పానర్లు, నట్టు చుట్టూ గాజులాగా పట్టుకునేవి. ఇంకో వరస ఫిక్సు స్పానర్లు, నోరు తెరుచుకుని ఒక పక్కనించి పట్టుకునేవి. ప్రతి నంబరుకీ రింగొకటి, ఫిక్సొకటి. రెండిట్లో ఏది గొప్పదంటే రింగే. ఆరు మూలల్నీ పట్టుకుంటది, జారదు. కానీ ఇరుకులో రింగు దూరదు, అప్పుడు ఫిక్సు కావాలి. దేని పని దానిదే.

ఆ షెడ్డులో ఇంకొక పద్ధతుండేదంట. బండి కింద పడుకున్నోడు మాట్లాడడు. చెయ్యి మాత్రం బయటికి చాపి నంబరు చెప్తాడు, "పన్నెండు", "పదిహేడు", అంతే. పైనున్నోడు ఎంత పనిలో ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా సరే, ఆ నంబరు స్పానరు తీసి, జిడ్డు తుడిచి, చేతిలో పెట్టాలి. తుడవకుండా ఇస్తే పేరాచారి దాన్ని మళ్ళీ బయటికి విసిరేసేవాడు. జిడ్డు చేతికి జిడ్డు స్పానరు ఇస్తే జారి మొహాన పడదూ? ఇద్దరు కొడుకులు, పెద్దోడు నాగభూషణం, చిన్నోడు రామబ్రహ్మం, ఈ పద్ధతిలోనే పెరిగారు. స్పానరుని ఎప్పుడూ నీ వైపుకి లాగాలి గానీ తొయ్యగూడదు, తోస్తే జారినప్పుడు వేళ్ళ కణుపులు పోయి ఇనుముకి కొట్టుకుంటయ్యని ఆయనే నేర్పాడు. బోల్టు మర ముందు చేత్తో ఎక్కాల, తర్వాతే స్పానరు పెట్టాల అని ఆయనే నేర్పాడు. అన్నిటికంటే పెద్ద పాఠం తుప్పు పట్టిన బోల్టుది. పైపు తొడిగి బలమంతా పెట్టబోయిన నాగభూషణాన్ని ఒకసారి ఆపి, "ఒరే, పట్టేసిన బోల్టు మీద కోపం చూపించబాకరా. విరుగుద్ది, సగం లోపలుండిపోద్ది. కిరసనాయిలు పొయ్యి. చిన్న సుత్తితో చుట్టూతా మెల్లిగా తట్టు. ఇంటికి పొయ్యి అన్నం తినిరా. నాననీ" అన్నాడంట. ఆ మాటన్నప్పుడు కామాక్షమ్మ అన్నం గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది. గుర్తు పెట్టుకోండి, ఈ మాట మళ్ళీ వస్తది.

సరే, పేరాచారి పోయాడు. జబ్బు చేసి పోయాడనుకో, దాని గురించి ఎక్కువ చెప్పను. ఆయన పోయేముందు కామాక్షమ్మని దగ్గరికి పిలిచి, "షెడ్డు ఒకటిగా ఉండేట్టు చూడు" అన్నాడంట. అంతే. ఆమెకింక లోకంలో వేరే కోరికేం లేదు, అదొక్కటే. కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత ఏమైందంటే, ఒక పలకల లారీ గేరుబాక్సు రిపేరుకి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ విప్పారు, బాగు చేశారు, మూశారు. మూసి చూస్తే, సామాన్లు వేసే రేకు తట్టలో, కిరసనాయిలు అడుగున, ఒక బోల్టు మిగిలింది! పేరాచారి ఉన్నప్పుడు విప్పిన బోల్టుల్ని ఒక అట్టముక్కకి బొక్కలు పెట్టి, ఏది ఎక్కడిదో ఆ వరసలో గుచ్చి పెట్టేవాడు. ఈ పిల్లలు తొందర మనుషులు, తట్టలో పోశారు. నాగభూషణం ఆ బోల్టు పైకి తీసి, "ఇదేందిరా?" అన్నాడు. "నన్నడుగుతావేంది, పైమూత బిగించింది నువ్వు గదా" అన్నాడు రామబ్రహ్మం. "నేను బిగించినవి నాకు తెలుసు. నువ్వే ఆ సినిమా పాట ఈల వేసుకుంటా మర్చిపోయుంటావు." "ఈలేస్తే బోల్టు మర్చిపోతారా? నీ మాదిరి నోరు మూసుకుని గొణుక్కునేవాళ్ళే మర్చిపోతారు!" మళ్ళీ మూత విప్పి చూశారు. అన్ని బొక్కల్లోనూ బోల్టులున్నయ్యి. అయితే లోపలెక్కడో తగ్గిందని ఒకడు, నీ పనేనని ఇంకొకడు. డ్రైవరుకి ఓపిక పోయి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ లారీ ఏ ఘాటు రోడ్డులో ఆగిపోద్దో, ఎవడి ప్రాణం మీదికొస్తదో అని ఇద్దరికీ లోపల భయం. ఆ భయం ఒకళ్ళ మీదొకళ్ళకి కోపమయ్యింది. లారీకి ఏం కాలేదర్రా, తర్వాత చాలాసార్లు హారను కొట్టుకుంటా అదే రోడ్డున పోయింది. కానీ అప్పటికే వీళ్ళిద్దరూ మాటలు మానేశారు. ఆ బోల్టు నేల మీద పడుంటే కామాక్షమ్మ తీసి కొంగున ముడేసుకుంది.

చివరికి పంపకం దాకా వచ్చింది. పలకల ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రి కాశిరెడ్డని, ఊళ్ళో తగువులకి ఆయనే పెద్దమనిషి, ఆయన్ని పిలిచారు. షెడ్డుకి మధ్యలో రేకు కొట్టుకోవాలన్నాడు, సరే అన్నారు. సామాను పట్టా మీద పరిచారు. "రింగులన్నీ పెద్దోడు తీసుకోనీ, ఫిక్సులన్నీ చిన్నోడు తీసుకోనీ" అన్నాడు కాశిరెడ్డి. "అదేం న్యాయం మామా, రింగులు నాకియ్యి, ఫిక్సులు ఆయన్ని తీసుకోమను" అన్నాడు రామబ్రహ్మం. చెప్పాను గదా, రింగే గొప్పదని. ఇద్దరికీ రింగులే కావాలి. కాశిరెడ్డి మీసం దువ్వుకుని ఆలోచించి, "అయితే ఇట్టా చేద్దాం. పది పదకొండు రింగు పెద్దోడికి, పన్నెండు పదమూడు రింగు చిన్నోడికి, పద్నాలుగు పదిహేను మళ్ళీ పెద్దోడికి. ఒకడికి ఏ నంబరు రింగు పోతే రెండోవాడికి ఆ నంబరు ఫిక్సు. తూకమేసినట్టు సమానం! ఏమంటారు?" అన్నాడు. ఇద్దరూ తలూపారు. ఇప్పుడు చెప్పండి, ఈ పంపకంలో తప్పెక్కడుంది? ఆలోచించండి. వెనక కూర్చున్నోళ్ళు కూడా. బోల్టుకి ఒక పక్క తల ఉంటది, ఇంకో పక్క నట్టుంటది, రెండూ ఒకటే సైజు. నట్టుని ఒక స్పానరుతో తిప్పితే తల కూడా దాంతో పాటే గిర్రున తిరుగుతుంది. కాబట్టి తలని ఇంకో స్పానరుతో పట్టుకోవాలి, అదే నంబరుది. ఇప్పుడు ప్రతి నంబరుదీ ఒక్కొక్కరికి ఒక్కటే మిగిలింది! వాళ్ళకి తెలియదా అంటే తెలుసు, పుట్టినప్పట్నించీ అదే పని. కానీ కోపంలో ఉన్నోడు రెండోవాడికి ఎక్కువ పోకుండా చూసుకుంటాడు గానీ తనకేం తక్కువైందో చూసుకుంటాడా? కామాక్షమ్మకి మాత్రం ఆ క్షణాన్నే తెలిసిపోయింది. చెప్దామనుకుంది గానీ, ఈ కోపంలో చెప్తే వింటారా అని ఆగింది. "నీకేం కావాలి వదినా, నువ్వూ అడుగు" అన్నాడు కాశిరెడ్డి. ఆమె లేచి షెడ్డు మధ్యలో చెక్కబల్ల మీదున్న వైసు దగ్గరికి పోయింది. వైసంటే తెలుసు గదా, రెండు దవడల మధ్యన ఇనుప ముక్క పెట్టి, పిడి తిప్పి బిగిస్తే కదలకుండా పట్టుకునేది. "ఇది మీ నాయిన చేత్తో బిగించింది. ఇది నా భాగం. చెయ్యి వెయ్యాలంటే ఇద్దరూ కలిసి వెయ్యండి, లేదా ఎవురూ ముట్టుకోబాకండి" అని, దాని మీద తన పాత చీర ముక్క కప్పింది. రేకు గోడ అటునించొకటి ఇటునించొకటి వచ్చి ఆ బల్ల దగ్గర ఆగిపోయింది. ఆ సందులో ఆమె ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

ఆ తర్వాత అన్నదమ్ముల పాట్లు చూడాలి! ఒంటి స్పానరుతో నట్టు ఊడదు. నాగభూషణం సంతలో ఒక పెట్టె కొనుక్కొచ్చాడంట, తళతళా మెరుస్తా, లోపల ఎర్ర మఖమల్ గుడ్డ. అచ్చం నువ్వు ఫోనులో చూపించినట్టాంటిదే. నాయిన ఉంటే జేబులో నట్టు తీసేవాడు, వీడు పెట్టె మూత చూసి మురిసిపోయాడు. కొంచెం గట్టిగా ఉన్న బోల్టు మీద పెట్టి లాగేసరికి స్పానరు నోరు సాగిపోయింది, ఆవలించినట్టు. నాగభూషణం పెళ్ళాం సౌభాగ్యం, దానికి నోరెక్కువ, "ఏమయ్యా, స్పానరుకి కూడా నిద్దరొచ్చిందే నిన్ను చూసి" అనేదంట. రేకుకి అవతల రామబ్రహ్మం ఇంకో రకం. బోల్టు తలకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి, కాలితో తన్నిపెట్టి, ఆ తంటాలు పడేవాడు. ఇద్దరి దగ్గరా మూలలు పోయిన నట్లు పోగయినయ్యి. ఏ బండి అరగంటలో పోవాల్సిందో అది పూటంతా ఉండిపోయేది. బండ్లు మెల్లిగా ఇంకో ఊరి షెడ్డుకి తిరగడం మొదలుపెట్టినయ్యి. కామాక్షమ్మ ఇద్దరికీ ఒకే కుండలో వండి, అటొక కంచం ఇటొక కంచం అందించేది. "అన్నం తినండ్రా" అనేది, అంతే. ఆమెకి లోపల గుబులుగానే ఉంది. షెడ్డు ఒకటిగా ఉండాలన్నాడు ఆయన. ఇట్టాగే పోతే రెండుగా కూడా ఉండేట్టు లేదు, అసలు షెడ్డే ఉండేట్టు లేదు.

దసరా వచ్చింది. "పంచుకుంటే పంచుకున్నారు, పూజ దగ్గర సామాను ఒక్క చోటే ఉండాల. తెండి" అందామె. అమ్మ మాట గదా, ఇద్దరూ తెచ్చి వేరు వేరు మూలల్లో పెట్టి పోయారు. ఆమె అన్నీ కడిగి, పట్టా మీద పాత వరసలోనే పేర్చింది, రింగు పక్కన దాని ఫిక్సు. నాగభూషణం వచ్చి చూశాడు, పోయాడు. రామబ్రహ్మం వచ్చి చూశాడు, కాసేపు నిలబడి పోయాడు. తర్వాత ఆమె వైసు మీద గుడ్డ తీసి, బల్ల కింద కూడా తుడుద్దామని చేతిగుడ్డతో కిందికి దూరింది. పేరాచారి ఆ వైసుని నాలుగు బోల్టులతో, కింద నించి పైకి, చెక్కలో గుండా వైసు అడుగునున్న మరల్లోకి బిగించాడు. అవి కూడా ఏదో పాత లారీవే, పారేసినవి. ఆమె వేలు ఒక్కో బోల్టు తల మీదా పోతా పోతా, ఒక చోట టక్కున లోపలికి దిగింది. బొక్క. ఖాళీ బొక్క. ఆమె కొంగు ముడి విప్పి, ఆ బోల్టు తీసి, ఆ బొక్కలో పెట్టి వేళ్ళతో తిప్పింది. మర ఎక్కింది. చక్కగా, వెన్నలో దిగినట్టు ఎక్కింది. సుత్తి దెబ్బలకి ఏళ్ళ తరబడి అదిరి అదిరి, వదులై, ఎప్పుడూ ఆ బల్ల కిందే ఉండే రేకు తట్టలో రాలిపడిందది! అన్న మర్చిపోలేదు, తమ్ముడూ మర్చిపోలేదు. ఆమెకి అక్కడే నవ్వొచ్చిందంట, ఏడుపొచ్చిందంట. లేచి ఇద్దర్నీ పిలుద్దామని గుమ్మం దాకా పోయింది. పోయి ఆగింది. ఇప్పుడు చెప్తే ఏమవుద్ది? "చూశావా నా తప్పు లేదు" అని వీడు, "చూశావా నాదీ లేదు" అని వాడు. ఇద్దరూ గెలిచినట్టే అవుద్ది, మధ్యలో రేకు అట్టాగే ఉంటది. పట్టేసిన బోల్టు మీద బలం పెడితే విరుగుద్ది గదా. ఆమె వెనక్కి వచ్చి, ఆ బోల్టు మళ్ళీ మెల్లిగా ఊడదీసి, కొంగున ముడేసుకుంది. నాననీ అనుకుంది.

చలికాలం పోయింది, ఎండలు ముదిరినయ్యి, పదో తరగతి పరీక్షలొచ్చినయ్యి. ఒకరోజు పొద్దున్నే, మడుగుపాలెం పిల్లల్ని పరీక్షకి టౌనుకి తీసుకుపోయే వ్యాను ఒకటి ఘల్లుఘల్లుమని ఈడ్చుకుంటా అడ్డరోడ్డు దాకా వచ్చి, దబ్బుమని చప్పుడు చేసి ఆగిపోయింది. ఇంజను తిరుగుతా ఉంది, చక్రం తిరగడం లేదు. పొద్దుటి బస్సు అప్పటికే పోయింది, గనులకి సెలవు కాబట్టి లారీలు లేవు. పిల్లలంతా అట్టలూ పెన్నులూ పట్టుకుని దిగారు. వాళ్ళతో ఉన్న టీచరమ్మ చిన్నది, కొత్తగా ఉద్యోగంలో చేరింది. "బెల్లు కొట్టాక రానివ్వరండీ, పిల్లల ఏడాది పోతుందండీ" అని నాగభూషణాన్ని బతిమాలింది. అతను కిందికి దూరి చూశాడు. ఇంజను నించి వెనక చక్రాలకి తిప్పుడు తీసుకుపోయే పొడుగాటి గొట్టం, షాఫ్టంటారు, దాని కీలులో క్రాసని ప్లస్సు గుర్తులాగా ఉండే ముక్క ఉంటది, అది విరిగింది. "కొత్త క్రాసు నా దగ్గరుంది. షాఫ్టు ఊడదియ్యాల, క్రాసు మార్చాల, మళ్ళా ఎక్కించాల" అన్నాడు. షాఫ్టుని పట్టుకున్నయ్యి నాలుగు బోల్టులు, పద్నాలుగు నంబరు, ఒక పక్క తల, ఇంకో పక్క నట్టు. కామాక్షమ్మ పీట మీద నించి చూస్తా ఉంది. పద్నాలుగు రింగు నాగభూషణం దగ్గరుంది. పద్నాలుగు ఫిక్సు రేకుకి అవతలుంది.

నాగభూషణం రింగు పెట్టి నట్టు తిప్పాడు. తల కూడా తిరిగింది. సంత పెట్టెలో స్పానరుతో తలని పట్టుకున్నాడు. అది ఆవలించింది. తొందరలో నాయిన చెప్పింది మర్చిపోయి లాగడానికి బదులు తోశాడు. స్పానరు జారింది, వేళ్ళ కణుపులు ఠపీమని పోయి ఇనుముకి కొట్టుకున్నయ్యి. ఆ చప్పుడు రేకుకి అవతల రామబ్రహ్మానికి వినపడింది. మెకానిక్కు చెవికి ఆ చప్పుడేందో చెప్పక్కర్లా. చేతిలో పని ఆగిపోయింది, కానీ కదల్లేదు. పిల్లలు గుంపుగా నిలబడి చూస్తన్నారు. అప్పుడు నాగభూషణం, నొప్పిలో ఉన్నాడో, ఏ ఆలోచనలో ఉన్నాడో, బండి కిందనించి నెత్తురు కారే చెయ్యి బయటికి చాపి, "పద్నాలుగు" అన్నాడు. ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. అలవాటు కొద్దీ వచ్చిందా మాట. అని, తనే ఉలిక్కిపడి ఉంటాడు గానీ, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కామాక్షమ్మకి లేచి తనే తీసుకొచ్చి ఇద్దామని కాళ్ళు లాగినయ్యంట. లేవలేదు. పీట అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అవతల రామబ్రహ్మం లేచాడు. రేకు పక్కనించి వచ్చాడు. చేతిలో పద్నాలుగు ఫిక్సు. దాన్ని బనియను గుడ్డతో తుడిచాడు, ఒకసారి కాదు, రెండోసారి కూడా తుడిచి, అన్న చేతిలో పెట్టాడు. ఆ వేళ్ళు స్పానరు మీద మూసుకున్నయ్యి, బొటనవేలు దాని మీద నాయిన గుర్తు కోసం ఆకురాయితో గీసిన గాటుని తడుముకుంది. కిందనించి మాట వచ్చింది. "చూస్తా నిలబడ్డావేంది? ఆ పక్కనించి దూరి తల పట్టుకో." "పట్టుకుంటా గానీ, నువ్వు ముందు తొయ్యడం మాని లాగు" అన్నాడు రామబ్రహ్మం. కామాక్షమ్మ కళ్ళు తుడుచుకుని, "పసుపు తెస్తా, ఆ చేతికి పెడదాం" అని లోపలికి పోయింది. కామాక్షమ్మ నడవడం కాదు, పరిగెత్తిందంటది సౌభాగ్యం.

షాఫ్టు చేతికొచ్చింది. విరిగిన క్రాసు ఊడగొట్టి కొత్తది ఎక్కించాలంటే వైసు కావాలి. ఇద్దరూ వచ్చి అమ్మ ముందు నిలబడ్డారు. ఆమె గుడ్డ తీసింది. "ఇద్దరూ కలిసి" అంది. ఒకడు షాఫ్టు పట్టుకున్నాడు, ఒకడు పిడి తిప్పాడు. బలం పెట్టేసరికి వైసు ఒక పక్కకి ఊగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఊగింది. "ఇదేంది, ఎప్పుడూ ఊగేది కాదే" అని రామబ్రహ్మం వంగి బల్ల కిందికి చూశాడు. చూసి అట్టాగే వంగి ఉండిపోయాడు. "అన్నా. ఇక్కడ ఒక బోల్టు లేదు." నాగభూషణం కూడా వంగాడు. ఇద్దరి తలలూ బల్ల కింద, పైన కామాక్షమ్మ చెయ్యి చాపి ఉంది. అరచేతిలో ఆ బోల్టు. నాగభూషణం తీసుకుని, మర చూసి, బొక్కలో పెట్టి, స్పానరు పెట్టకుండా ముందు చేత్తోనే తిప్పాడు. ఎక్కింది.  తర్వాత పెద్దోడే, ఆ కిందనించే అడిగాడు, "ఎప్పుడు చూశావే అమ్మా ఇది?" "దసరాకి." "మరి చెప్పలేదే?" "కిరసనాయిలు పోశాన్రా. నానాల గదా" అంది. రామబ్రహ్మం పక్కున నవ్వాడు, నవ్వుతా నవ్వుతా బల్లకి తల కొట్టుకున్నాడు. నాగభూషణం మొహం అవతలికి తిప్పుకున్నాడు. "మీ కుటుంబం కబుర్లు తర్వాత చెప్పుకోండి, పిల్లలకి టైమవుతుంది!" అని టీచరమ్మ అరిచిందంట. అప్పుడు చూడాలి వాళ్ళ చేతులు! "పద్నాలుగు", "ఇదిగో", "సుత్తి, చిన్నది", "ఇదిగో", "గుడ్డ", "ఇదిగో". మాటకి మాట లేదు, నంబరుకి నంబరు. రేకు ఇంకా నిలబడే ఉంది గానీ దాని సంగతే ఎవరికీ గుర్తు లేదు. వ్యాను బయల్దేరినప్పుడు పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుతా పోయారు. టౌనులో బడి గేటు దగ్గర దిగేటప్పటికి బెల్లు మోగుతా ఉంది, అది ఆగేలోపల పిల్లలంతా పరిగెత్తి లోపలికి పోయారు.

ఇంతే కథ. ఆ తర్వాత అన్నదమ్ములు పోట్లాడుకోలేదా అంటే, ఎందుకు పోట్లాడుకోరు, రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఈల వెయ్యొద్దని ఒకడు, గొణగొద్దని ఒకడు. కానీ స్పానర్లు మాత్రం ఒకే పెట్టెలో ఉండేవి. మధ్య రేకు పీకి, వానకి కారే చోట పైకప్పుకి వేశారు. సంత పెట్టెలో ఎర్ర మఖమల్ గుడ్డ సౌభాగ్యం తీసుకుని పోపుల డబ్బా కింద వేసుకుంది, దానికొచ్చిన లాభం అదే. కామాక్షమ్మకి చివర్లో చూపు పోయింది. షెడ్డులోనే మంచం వేసుకుని పడుకునేది. వచ్చినోళ్ళ ముందు కొడుకులు ఆమె చేతిలో స్పానరు పెట్టి, "ఏదమ్మా ఇది?" అనేవాళ్ళు. నంబరు చెప్పేసి, ఊరుకోకుండా, "పెద్దోడిచ్చాడు. తుడవకుండా ఇచ్చాడు" అనేదంట. అనేదంట ఏంటి, నేనే విన్నాను. ఆ రోజు వ్యానులో పిల్లల్ని తీసుకెళ్ళిన టీచరమ్మని నేనే గదా. ఆ దారిన పోయినప్పుడల్లా అక్కడ దిగి, ఆ మంచం పక్కన కూర్చుని వచ్చేదాన్ని. ఇప్పుడక్కడ పెద్ద రోడ్డు పడింది, షెడ్డున్న చోటు మీదుగా కార్లు రయ్యిన పోతుంటయ్యి, ఆగాల్సిన పని లేకుండా. ఆ కిరసనాయిలు వాసన మాత్రం దసరా వచ్చిందంటే నాకు ఎక్కడున్నా వస్తది. సరే, లేవండి, చాలా సేపయింది. నువ్వు ఆ పెట్టె కొంటావో మానుతావో నీ ఇష్టం. నేనొద్దనను. కానీ కొట్టుకి పొయ్యి కొను, జేబులో ఒక నట్టు వేసుకుని పో. ఫోనుకి నట్టు తొడిగి చూడలేవు గదా.